అంకెలు వేసిన ఓట్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో రెండు సంఘాలు కాపురం పెట్టాయి. ముందుగదిలో మా అన్నయ్యది, వంటగదిలో మా వదినది. మధ్యగదిలో నా కుట్టుమిషను. రెండు పక్కల మాటలూ నా నెత్తి మీద నుంచే పోవాలి. నేను స్కూలు పిల్లల యూనిఫారాలు కుడతాను. పిల్లలకి సెలవులంటే నాకు ఊపిరి సలపని పని. తలెత్తి చూసే తీరిక లేకపోయినా, చెవులకి తీరికతో పనేముంది?

ఇల్లు కాలువ పక్కనే. కాలువంటే పడవలు తిరిగేదనుకునేరు. ఎగువన కబేళా ఉంది. అక్కడ కడిగిన నీళ్ళు నెత్తురూ కొవ్వూ పేగు ముక్కలూ కలుపుకుని మా గుమ్మం ముందు నుంచి పోతాయి. పోతాయనడం కూడా మర్యాదకే. ఎండాకాలంలో అవి ఎక్కడికీ పోవు. పైన తెల్లగా తెట్టు కట్టి, దాని మీద ఈగలు ముసిరి, అక్కడే ఉంటాయి. కిటికీ మూస్తే ఉక్కతో చావాలి, తెరిస్తే కంపుతో చావాలి. ముద్ద నోటి దాకా వచ్చేలోపే ఆ వాసన నోట్లో దూరేది. ఇల్లు అమ్ముకుని పోదామంటే, చూడటానికి వచ్చినవాళ్ళు వీధి మొదట్లోనే ముక్కు మూసుకుని వెనక్కి తిరిగేవాళ్ళు.

అన్నయ్య కూతుర్ని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. ఆ ఏడు దానికి దగ్గు పట్టుకుంది. దగ్గితే ఆగేది కాదు, పెదవులు నీలంగా మారేవి. డాక్టరు మందులు రాస్తూనే, "ఆ కాలువ పక్కన ఉన్నన్నాళ్ళు ఈ మందులు దండగమ్మా" అని మొహం మీద చెప్పేశాడు.

వదిన ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా ముందుగదిలోకి వెళ్ళింది.

"ఈ వార్డు ఎన్నికల్లో కాలువ సంగతి తేలాలి" అంది. "తేలలేదా, వానలు పడేలోపు పిల్లని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను."

"రానంటే?" అన్నాడు అన్నయ్య.

"రానంటే రాననే. మీకు ఇంకెలా చెప్పాలి?"

అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అలా తుడుచుకున్నాడంటే ఉపన్యాసం వస్తోందని అర్థం. "చూడు, కాలువ రోగం కాదు. రోగలక్షణం. అసలు రోగం మనం ఓట్లేసే పద్ధతిలో ఉంది."

లోపల పిల్ల దగ్గుతోంది. ఇక్కడ తండ్రి రోగలక్షణాల మీద మాట్లాడుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అన్నయ్య చెప్పేదాంట్లో నిజం లేదని నేను అనను. మా వార్డులో ఎప్పుడూ ముగ్గురు నిలబడేవాళ్ళు. కబేళా నడిపే కంట్రాక్టరు ఒకడు. వాడంటే సగానికి పైగా జనానికి పడదు. పడనివాళ్ళు కొందరు నర్సమ్మకి వేసేవాళ్ళు, కొందరు పాల డిపో ఆయనకి వేసేవాళ్ళు. నర్సమ్మ అంటే పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ, మా వీధే. ఇద్దరికీ ఓట్లు చీలి, ప్రతిసారీ కంట్రాక్టరే గెలిచేవాడు. "అదే ఒక్కళ్ళకి కాకుండా వరస పెట్టి వేశామనుకో" అనేవాడు అన్నయ్య. "ఇష్టమైన వాళ్ళకి ఒకటి, వాళ్ళు కాకపోతే వీళ్ళు అని రెండు. ఆఖరున ఉన్నవాళ్ళకి పడిన ఓట్లు, అవి వేసినవాళ్ళ రెండో ఇష్టానికి పోతాయి. అప్పుడు కంట్రాక్టరు జన్మలో గెలవడు." వినడానికి బాగానే ఉంటుంది. చట్టం మారాలి, అంతే. చట్టం మారేదాకా పిచ్చుక ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి.

అన్నయ్య ప్రెస్సులో పనిచేస్తాడు. ఆదివారం ఆదివారం ముందుగదిలో క్లాసులు పెట్టాడు. ఉత్త మాటలు చెబితే జనానికి ఎక్కదని, ప్రెస్సులో మిగిలిన కాగితం మీద ఓటు కాగితాలు అచ్చు వేసుకొచ్చాడు. అసలు వాటికీ వీటికీ తేడా తెలియదు. అదే రంగు, అదే సైజు, ముగ్గురి పేర్లూ బొమ్మలూ పక్కన ఖాళీ గళ్ళూ. పోలింగు గదిలో ఉన్నట్టే బల్లకి తాడు కట్టి పెన్సిలు వేలాడదీశాడు. నా గుడ్డల పెట్టె ఖాళీ చేయించి, మూతకి కన్నం పెట్టి, ఓట్ల పెట్టె చేశాడు. గుడ్డలన్నీ నేను మంచం మీద పోసుకున్నాను.

"మామిడిపండూ అరటిపండూ అని పెట్టకూడదట్రా, నిజం పేర్లెందుకు?" అని అమ్మ అడిగింది.

"నిజం పేర్లయితేనే జనం శ్రద్ధగా వింటారమ్మా."

అన్నట్టే విన్నారు. మా అన్నయ్యకి మంచి మేష్టారి నోరు. వీధిలోని ముసలీ ముతకా, కబేళాలో పనిచేసేవాళ్ళూ, నా దగ్గరికి కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళూ అందరూ వరసలో నిలబడి, పెన్సిలు పట్టుకుని, ఒకటీ రెండూ మూడూ వేసి, మడిచి పెట్టెలో వేసేవాళ్ళు. అన్నయ్య అక్కడే లెక్కపెట్టి చూపించేవాడు. ప్రతిసారీ నర్సమ్మ గెలిచేది. అందరూ చప్పట్లు. కంట్రాక్టర్ని ఓడించడం ఇంత తేలికా అని జనం నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు.

అందరికన్నా ముందు వరసలో అమ్మ. అమ్మకి చదువు రాదు. ఇంతకాలం ఓటంటే నచ్చినవాళ్ళ గడిలో గీత గీసి రావడమే తెలుసు. కొడుకు చెయ్యి పట్టుకుని అంకెలు దిద్దించాడు. రెండు వేసేటప్పుడు దాని తోక ఎటు తిరగాలో అమ్మకి కుదిరేది కాదు. పొయ్యి దగ్గర కూర్చుని గచ్చు మీద బొగ్గుతో వేసి చూసుకునేది. కుదిరిన రోజున మా అందర్నీ పిలిచి చూపించింది. వదిన కూడా నవ్వి, "అత్తయ్యా, ఇంక నా పాల లెక్క మీరే రాయండి" అంది.

క్లాసు చివర అన్నయ్య ఒక మాట చెప్పేవాడు. "ఇది ఇంకా చట్టం కాలేదు, మనం పోరాడి సాధించాలి" అని. చెప్పలేదని నేను అబద్ధమాడను. కానీ ఆ మాట వచ్చేసరికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాళ్ళు.

ఇక వంటగది సంఘం. దాని పేరు కాలువ కమిటీ. వదినా, వీధిలో ఆడవాళ్ళూ, వాళ్ళకి పెద్దగా లాయరమ్మ. లాయరమ్మ ఇల్లు కాలువ ఎగువన, పెద్ద వీధిలో. ఆవిడ మా వంటగదిలో పీట మీద కూర్చుని, మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడేది. "మనది ఒక్కటే సమస్య. కాలువ. మనకి పార్టీలొద్దు, మనుషులొద్దు. ఎవరు గెలిచినా మన పని జరగాలి. అందరి చేతా మాట తీసుకుందాం."

తీసుకున్నారు. పోటీలో ఉన్న ముగ్గురూ కాలువ మీద పలకలు వేసి మూయిస్తామని మాటిచ్చారు. కంట్రాక్టరు అందరికన్నా ముందు ఇచ్చాడు. వాడి కబేళా నీళ్ళే అవి. మాటిచ్చి వెళుతూ వెళుతూ మా గుమ్మం ముందే కాలువలోకి ఖాండ్రించి ఉమ్మాడు. లాయరమ్మ మటుకు, "చూశారా, ఒత్తిడి పెడితే ఎవడైనా దిగివస్తాడు" అని మురిసిపోయింది.

వదిన ఆ రోజు గిన్నెలు తోముతూ, "వాడు దిగిరాలేదు, ఉమ్మి వెళ్ళాడు" అంది నాతో. "నర్సమ్మ గెలిస్తే తప్ప ఈ కాలువ కదలదు. నర్సమ్మ గెలవాలంటే పాలాయన తప్పుకోవాలి. అంతే కదా?"

"అంతే. మీ ఆయన అదే చెబుతున్నాడు."

"ఆయన చట్టం మారుస్తానంటాడు. నేను పాలాయన్ని మారుస్తాను."

మర్నాడు పాలు పోసే వేళకి వదిన కాలువలో ఒక బకెట్టు ముంచుకుని, మరో ముగ్గురు ఆడవాళ్ళని వెంటేసుకుని డిపోకి వెళ్ళింది. నేను మిషను ఆపేసి వెనకే పోయాను, ఆ వేడుక వదులుకుంటానా. బకెట్టు పాల క్యాన్ల పక్కన పెట్టి నిలబడింది. పాల కోసం వచ్చినవాళ్ళు వచ్చినట్టే గిన్నెలు పట్టుకుని పోతున్నారు. ఈగలు మాత్రం వచ్చి చేరుతున్నాయి.

"ఏంటమ్మా ఈ గోల?" అన్నాడు పాలాయన.

"మా గుమ్మంలో ఉండేది మీకూ చూపిద్దామని."

"నేను మూయిస్తానని మాటిచ్చాను కదా!"

"మీరు గెలవరండీ. మీకూ తెలుసు. మీరు నిలబడితే వాడు గెలుస్తాడు. రోజూ తెస్తాను ఈ బకెట్టు."

రోజూ తెచ్చింది. వారం తిరక్కుండా పాలాయన చేతులెత్తేశాడు. "తప్పుకుంటాను తల్లీ, ముందు ఆ దరిద్రం ఇక్కణ్ణుంచి తీసెయ్" అన్నాడు. అప్పటికే ఓటు కాగితాలు అచ్చయిపోయాయి కాబట్టి పేరు అలాగే ఉండిపోయింది. కానీ డిపో ముందు బోర్డు పెట్టాడు, నా ఓటూ నా వాళ్ళ ఓటూ నర్సమ్మకే అని. లాయరమ్మకి ఇది నచ్చలేదు. కమిటీ పరువు బకెట్లో కలిపావని వదిన మీద విరుచుకుపడింది. వదిన ఆవిడకి టీ ఇచ్చి పంపించింది. ఆ రోజు వదిన మొహంలో ఉన్న వెలుగు నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. పిచ్చుకని ఎత్తుకుని గిరగిరా తిప్పింది.

ఆ సాయంత్రమే అన్నయ్యతో చెప్పింది. "ఇప్పుడు పోటీ ఇద్దరికే. ఇంక మీ వరసలతో పనిలేదు. క్లాసులు ఆపెయ్యండి."

"ఇది ఈ ఒక్క ఎన్నిక కోసం కాదు."

"నాకు ఈ ఒక్క ఎన్నిక చాలు. జనం తికమకపడతారండీ. అచ్చం అలాంటి కాగితమే, అవే పేర్లు."

"జనాన్ని అంత తక్కువ అంచనా వెయ్యకు" అన్నాడు అన్నయ్య నొచ్చుకుంటూ.

"వదిన చెప్పేది వినరాదూ?" అన్నాను నేను మిషను మీద నుంచే.

"నీకు తెలియదు, నువ్వు కుట్టుకో."

కుట్టుకున్నాను. ఆ ఆదివారం క్లాసుకి జనం ముందు కన్నా ఎక్కువ వచ్చారు, గుమ్మం బయట దాకా నిలబడ్డారు. నర్సమ్మకి ఒకటి, పాలాయనకి రెండు. నాకు కనిపించినంతలో కంట్రాక్టరు గడి అందరూ ఖాళీగా వదిలేశారు. అన్నయ్య పొంగిపోయాడు.

పోలింగు రోజున వీధి వీధంతా ఉతికిన బట్టలు కట్టుకుని బయల్దేరింది. వచ్చేటప్పుడు అందరి మొహాల్లోనూ నవ్వే. కబేళాలో పనిచేసే ముసలాయన మా కిటికీ దగ్గర ఆగి, "మేష్టారికి చెప్పమ్మా, చెప్పినట్టే చేశానని" అన్నాడు. నేను నర్సమ్మకి వేశాడనే అనుకున్నాను. వేశాడు కూడా.

మర్నాడు మధ్యాహ్నం నర్సమ్మ ఓట్ల లెక్కింపు దగ్గర్నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. ఎండలో నడిచొచ్చి, ఎక్కడ కూర్చోవాలో చూసుకోకుండా నా యూనిఫారాల గుట్ట మీదే కూలబడింది. మేమంతా భోజనాల దగ్గర ఉన్నాం. అడగక్కర్లేకపోయింది.

"ఎంత తేడా?" అంది వదిన.

"కొద్దిలోనే పోయింది. అది కాదమ్మా..." అని నర్సమ్మ ఆగింది. "చెల్లని ఓట్లు కుప్ప పోశారు. ఒక్కో కాగితం ఎత్తి చూపించారు నాకు. నా గడిలో ఒకటి, పాలాయన గడిలో రెండు. గీత గీయకుండా అంకెలు వేస్తే చెల్లదట. అన్నీ మనవే. తేడాకి మూడింతలున్నాయి. ఇన్ని అంకెలు ఎవరు నేర్పారమ్మా అని ఆ ఆఫీసరు నన్నే అడిగాడు."

అమ్మకి చెవులు కాస్త మందం. ఓట్లూ అంకెలూ అన్న రెండు ముక్కలు మాత్రం వినబడినట్టున్నాయి. మొహం విప్పారింది.

"నాదీ ఉంటుంది చూడు అందులో. నీకే ఒకటి వేశాను నర్సమ్మా. పాలాయనకి రెండు. తోక కూడా చక్కగా తిప్పాను. ఆ కబేళావాడికి ఏమీ వెయ్యలేదు, పోనీ మూడన్నా వేద్దామా అనుకుని మళ్ళీ మానేశాను."

వదిన నర్సమ్మ కోసం గ్లాసులో నీళ్ళు పోస్తోంది. పోయడం పూర్తిచేసి, గ్లాసు ఆవిడ చేతికిచ్చి, "తాగండి" అని, పిచ్చుకకి తినిపించడానికి కూర్చుంది.

నేను అన్నయ్య వంక చూశాను. తల వంచుకుంటాడనుకున్నాను. నేల చూపులు చూస్తాడనుకున్నాను. అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"సరిగ్గా ఎన్నంటారు, మూడింతలా?" అన్నాడు. "వరస తప్పకుండా వేశారా అందరూ? ఒకటి తరవాత రెండే ఉందా?"

నర్సమ్మ తెల్లబోయింది. "ఉందయ్యా" అంది.

"ఒక్క వీధిలో ఇంతమంది! ఎవరూ బలవంతపెట్టకుండా, వాళ్ళంతట వాళ్ళు! ఇది మామూలు విషయం కాదు."

కాలువ కంపుకి కూడా ఎన్నడూ వదలని కంచం పక్కకి నెట్టి లేచిపోయాను. ఒక్క తల్లికి పుట్టామన్న మాట ఆ నిమిషాన నాకు రోత పుట్టించింది.

పోనీ వంటగది సంఘమన్నా నయమా అంటే, ఆ ముచ్చటా చెబుతాను. ఫలితాలు వచ్చిన రెండో రోజే లాయరమ్మ పూలగుత్తి పట్టుకుని కంట్రాక్టరు ఇంటికి పోయింది. ఇద్దరూ పళ్ళికిలించుకుని ఫొటో దిగారు. వదిన వెళ్ళి నిలదీస్తే, "సమస్య ముఖ్యం గానీ మనిషి కాదమ్మా, అధికారంలో ఎవరుంటే వాళ్ళతోనే పని" అందట. పని జరిగింది కూడా. పెద్ద వీధి పొడుగునా కాలువ మీద చక్కటి పలకలు పరిచారు. లాయరమ్మ గేటు దాటిన తరవాత పలకలు అయిపోయాయి. మిగతాది వచ్చే విడతలో అన్నారు. కాలువ కమిటీ ఘనవిజయం అని కరపత్రం వేశారు. దాన్ని అచ్చు వేసింది మా అన్నయ్య ప్రెస్సే. ప్రూఫు దిద్దింది మా అన్నయ్యే. అదే వారం చెల్లని ఓట్లే ప్రజల మేలుకొలుపు అంటూ తను కూడా ఒక కరపత్రం రాసుకున్నాడు. రెండూ ఒకే బల్ల మీద ఆరబెట్టాడు.

వదిన సామాను సర్దడం మొదలుపెట్టింది, రోజుకి కాస్త. నేను యూనిఫారాలు పక్కన పడేసి పిచ్చుకకి గౌన్లు కుట్టాను. మూతికి కట్టుకోవడానికి మెత్తటి గుడ్డలు కుట్టాను. "అక్కడ ఇవి అక్కర్లేదు వదినా" అంది తను. మేమిద్దరం ఒకర్నొకరం వదినా అనే పిలుచుకుంటాం. "అక్కడ కాలువ లేదు."

"నన్నూ తీసుకుపోరాదూ" అన్నాను నవ్వుతూ.

"మిషను మోసుకుని నడుస్తావా?" అని తనూ నవ్వింది. ఆ తరవాత ఇద్దరం నవ్వలేకపోయాం.

మబ్బు పట్టిన రోజు పొద్దున బండి పిలిపించింది. చినుకు పడితే కాలువ ఇంట్లోకి వస్తుంది, అంతకన్నా ఆగదలుచుకోలేదు. నేనూ తనూ పెట్టెలు ఎక్కించాం. పిచ్చుక దగ్గుకుంటూనే బండి గంట కొడుతోంది. అన్నయ్య గుమ్మంలో నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూస్తున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషం వాడి మీద జాలేసింది. నోరు తెరిచి ఒక్క మాట అంటే వదిన ఆగకపోయినా కనీసం ఏడ్చేది.

అప్పుడు లోపల్నుంచి అమ్మ వచ్చింది. చంకలో తన బట్టల మూట.

"నువ్వెక్కడికమ్మా?" అన్నాను.

"పిల్లతో."

"అత్తయ్యా, మా అమ్మది చిన్న ఇల్లు" అంది వదిన కంగారుగా.

"నాకో మూల చాలు. పిల్ల దగ్గితే వీపు రాసే చెయ్యి ఉండాలా వద్దా?" అంటూ అమ్మ బండెక్కి, పిచ్చుకని ఒళ్ళోకి లాక్కుంది. ఇన్నాళ్ళూ అమ్మకి ఎవరూ విడమర్చి చెప్పలేదు, మేము చెప్పనివ్వలేదు. కానీ వీధిలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వదిన కళ్ళలోకి చూడకుండా, కొడుకు వైపు తిరిగింది.

"ఒరే. నా పేరు ఆ ఓట్లలోంచి తీయించెయ్యి. నాకొద్దు."

అన్నయ్య గబగబా మెట్లు దిగాడు. దిగుతాడు, బండికి అడ్డం పడతాడు, పోవద్దంటాడు అని నేను ఆశపడ్డాను. ఆశపడ్డందుకు నన్ను అనాలి.

"అలా తీయించకూడదమ్మా" అన్నాడు బండి ఊచ పట్టుకుని. "ఓటు వదులుకోకూడదు. అక్కడికి మార్పించుకోవచ్చు. ముందు ఇక్కడి ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. తరవాత అక్కడ ఉంటున్నట్టు రుజువు చూపించాలి. ఆ పైన..."

"పోనియ్యి బాబూ" అంది వదిన బండివాడితో.

బండి కదిలింది. అన్నయ్య ఊచ వదలకుండా పక్కనే నడుస్తూ చెబుతున్నాడు. తరవాత ఊచ వదిలి వెనకాల నడుస్తూ చెప్పాడు. అమ్మ వినడం లేదు, పిల్ల వీపు రాస్తోంది. బండి మలుపు తిరిగాక అన్నయ్య ఒక్క క్షణం అక్కడే నిలబడి, వెనక్కి వచ్చి, అమ్మకి చెప్పకుండా ఉండిపోయిన మిగతా సగం నాకు చెప్పడం మొదలుపెట్టాడు.